చంపే అవసరం వేరు, చంపాలనే కోరిక వేరు

 

పంచశీలలో మొదటిది పాణాతిపాతా వేరమణి, అంటే ప్రాణం తీయకుండా ఉండటం. "మరి సైన్యంలో ఉన్న మా అన్న శీలం తప్పినట్టేనా?" అని మన పిల్లలు అడుగుతుంటారు. అడగాల్సిన ప్రశ్నే. ఒక టీవీ ధారావాహిక ఆధారంగా ఆలోచిద్దాం.

'బ్యాండ్ ఆఫ్ బ్రదర్స్' 2001లో అమెరికాలో హెచ్‌బీఓలో వచ్చింది. మొత్తం 10 భాగాలు. రెండో ప్రపంచ యుద్ధంలో హిట్లర్ సైన్యంతో పోరాడిన ఈజీ కంపెనీ అనే దళం కథ. ఐదో భాగంలో దళ నాయకుడు వింటర్స్ హాలండ్‌లో ఒక కరకట్ట ఎక్కగానే ఎదురుగా ఒక జర్మన్ సైనికుడు కనిపిస్తాడు. ఇంకా కుర్రవాడు. వింటర్స్ కాల్చేస్తాడు. యుద్ధంలో అది అతని పని. అయినా తర్వాత సెలవు మీద ప్యారిస్ పోతే, అక్కడ రైల్లో ఒక కుర్రాణ్ణి చూడగానే ఆ ముఖమే గుర్తొస్తుంది.

అదే భాగంలో, దొరికిన ఖైదీలను వెనక్కి తీసుకుపొమ్మని లీబ్‌గాట్ అనే సైనికుడికి చెప్తాడు. ధారావాహికలో ఇతను యూదుడు. హిట్లర్ యూదులకు ఏం చేశాడో మనకు తెలుసు. అతని కోపం న్యాయమైనదే. కానీ వింటర్స్ అతని తూటాలన్నీ తీయించి, ఒక్కటే ఉంచుతాడు. ఒక్కణ్ణి కాలిస్తే మిగతావాళ్లు మీద పడతారు. అందుకే కాల్చలేడు.

బాబాసాహెబ్ 'బుద్ధుడు, ఆయన ధమ్మం'లో ఈ తేడానే వివరించారు. చంపక తప్పని అవసరం వేరు, చంపాలనే కోరిక వేరు. అహింస గుడ్డిగా పాటించే నియమం కాదు, మనం ఆలోచించి నడుచుకోవాల్సిన సూత్రం. కరకట్ట మీద ఉన్నది అవసరం. చేతులెత్తినవాణ్ణి కాల్చడం ఉత్త కోరిక.

అలాగని అవసరం అనే మాట హత్యను పుణ్యం చేయదు. సంయుత్త నికాయంలో ఒక యోధుల నాయకుడు, పోరులో చచ్చినవాడు స్వర్గానికి పోతాడా అని బుద్ధుణ్ణి అడుగుతాడు. రెండుసార్లు అడగొద్దన్న బుద్ధుడు, మూడోసారి ఆ నమ్మకమే తప్పని చెప్తాడు. ఇన్నాళ్లూ గురువులు మోసం చేశారని ఆ యోధుడు ఏడుస్తాడు. చంపినందుకు బహుమతి లేదు. చంపిన ముఖాన్ని మరిచిపోకపోవడమే వింటర్స్ నిజాయితీ.

ఇది మనకెందుకు? 1985లో కారంచేడు, 1991లో చుండూరు. ఆ పేర్లు వింటే మన రక్తం మరుగుతుంది. మరగాలి కూడా. అక్కడ జరిగినవి కులం కోరికతో చేసిన హత్యలు. మన కోపం కూడా అదే కోరికగా మారితే, వాళ్ల ధర్మానికీ మన ధమ్మానికీ తేడా ఏం మిగులుతుంది? ఆత్మరక్షణ హక్కు వదలొద్దు. 1989 అత్యాచారాల నిరోధక చట్టాన్ని వాడండి, సాక్ష్యం చెప్పండి, చివరిదాకా కొట్లాడండి. చేతులెత్తినవాడి మీద మాత్రం చెయ్యి లేపొద్దు.

ఈ వారం విహారంలో చర్చించండి: "తప్పలేదు" అని మీరు ఈమధ్య చేసిన పనుల్లో ఏది నిజంగా అవసరం, ఏది కోపం తీర్చుకోవడం?