ఆరోగ్య ప్రశ్నోత్తరాలు: సోల్డరింగ్ బల్ల దగ్గర దగ్గు, తిమ్మిరి, సీసం భయం

ఈసారి చంపాపేట్, కర్మన్‌ఘాట్, దిల్‌సుఖ్‌నగర్, ఎల్‌బీ నగర్ నుంచి వచ్చిన ఉత్తరాల్లో కొన్ని ఒకే విషయం మీద ఉన్నాయి. కోఠి గుజరాతీ గల్లీలో విడిభాగాలు వెతికి తెచ్చుకుని, పాత కంప్యూటర్లను ఇంట్లోనే బాగుచేసుకునేవారివి, వాళ్ల ఇంట్లోవాళ్లవి ఆ ఉత్తరాలు. మంచి వ్యాపకమే, మానమని ఎవరికీ చెప్పను. కానీ జాగ్రత్త ఎక్కడ పడాలో అక్కడ పడటం లేదు, భయపడనక్కరలేని చోట భయపడుతున్నారు. అందుకే వాటికి ఒకేచోట జవాబిస్తున్నాను.

ప్రశ్న: నా వయసు 54. చంపాపేట్‌లో ఉంటాం. మా అబ్బాయి ఇంగ్లండ్ నుంచి పాత అమిగా 1200 కంప్యూటర్, దానికి 68030 ప్రాసెసర్ ఉన్న యాక్సిలరేటర్ కార్డు తెచ్చాడు. కార్డులోని 4 మెగాబైట్ల మెమరీ తీసి 32 మెగాబైట్లది పెడితే తెర నల్లగా ఉండిపోతోంది. పాతది పెడితే నడుస్తోంది. సాకెట్ కాళ్లకు మళ్లీ మళ్లీ సోల్డరింగ్ చేశాను. ఏసీ గది కాబట్టి కిటికీ మూసే ఉంటుంది. రెండు నెలలుగా రాత్రి పడుకున్నాక దగ్గు, పిల్లికూతలు. ఊరెళ్లి నాలుగు రోజులుంటే తగ్గిపోతోంది. సీసం ఊపిరితిత్తుల్లోకి చేరిందా?

జవాబు: మీ దగ్గుకు కారణం సీసం ఆవిరి కాదు. పాత బోర్డులకు వాడే సోల్డర్ 183 డిగ్రీల సెల్సియస్ దగ్గర్లో కరుగుతుంది. మీ ఐరన్ మొన 350 డిగ్రీల దగ్గర ఉంటుంది. సీసం మరగాలంటే 1,749 డిగ్రీలు కావాలి. ఐరన్ పెట్టగానే పైకి లేచే తెల్లటి పొగ సీసానిది కాదు, సోల్డర్‌తో పాటు ఉండే ఫ్లక్స్‌ది. అందులో ఉండే రోజిన్ పైన్ చెట్ల జిగురు నుంచి వస్తుంది. దాని పొగ కొందరిలో ఉబ్బసం తెస్తుందని వైద్యులకు ఎప్పటినుంచో తెలుసు.

మీ ఉత్తరంలో రెండు మాటలు నాకు ముఖ్యంగా కనిపించాయి. ఒకటి, పని చేసేటప్పుడు కాక రాత్రి దగ్గు రావడం. పొగ పీల్చిన కొన్ని గంటల తర్వాత ఊపిరి గొట్టాలు బిగుసుకోవడం ఈ రకం ఉబ్బసంలో మామూలే. రెండోది, ఊరెళ్తే తగ్గడం. ఈ రెండూ కలిసి ఉన్నాయంటే ఊపిరితిత్తుల వైద్యుడిని కలిసి స్పైరోమెట్రీ అనే ఊపిరి పరీక్ష చేయించాల్సిందే. పీక్ ఫ్లో మీటర్ కొనుక్కుని రోజూ పొద్దున, రాత్రి అంకె రాసుకోండి. సోల్డరింగ్ చేసిన రోజులకు గుర్తు పెట్టండి. ఆ కాగితం డాక్టర్‌కి ఎంతో పనికొస్తుంది. ఇన్‌హేలర్ రాసిస్తే అలవాటైపోతుందని భయపడి మానేయకండి.

పరీక్షలు పూర్తయ్యేదాకా ఐరన్ పక్కన పెట్టండి. రోజిన్‌కు ఒకసారి శరీరం ఎదురుతిరగడం మొదలుపెడితే, తర్వాత కొద్ది పొగ చాలు ఆయాసం రావడానికి. సర్జికల్ మాస్కు ఈ పొగను ఆపదు. తిరిగి మొదలుపెట్టవచ్చని డాక్టర్ అంటే, అప్పుడు కిటికీ తెరిచి, పొగను ముఖం మీది నుంచి కాక కిటికీ వైపు లాగే ఫ్యాన్ పెట్టుకోండి. కారిన కెపాసిటర్లను వేడి చేస్తే చేపల వాసన వస్తుంది. ఆ పొగ కూడా పీల్చదగింది కాదు. ముందు వాటి చెమ్మ శుభ్రం చేశాకే వేడి పెట్టాలి.

ఇక మీ కార్డు సంగతి. రోగి రాగానే స్టెతస్కోప్ పెట్టి చూడకుండా కత్తి పట్టుకునే డాక్టర్ ఉండడు. బోర్డుకూ అదే పద్ధతి. పాత మెమరీతో నడుస్తోందంటే సాకెట్ అతుకులు చాలావరకు బాగానే ఉన్నట్టు. మరి ఐరన్ ఎందుకు? ప్లగ్ పీకి, మాడ్యూల్ తీసి, దాని అంచున ఉన్న కాంటాక్టులను ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన గుడ్డతో తుడవండి. అది మండే ద్రవం, దగ్గర్లో వేడి ఐరన్ ఉండకూడదు. సాకెట్‌లో వంగిన పిన్ను ఉందేమో భూతద్దంతో చూడండి. మెమరీ పరిమాణానికి, వేగానికి కార్డు మీద జంపర్లు ఉంటే మాన్యువల్ ప్రకారం మార్చండి. కొన్ని కార్డులు ఒకవైపే చిప్పులున్న మాడ్యూల్‌ను ఒప్పుకుని రెండువైపులా ఉన్నదాన్ని ఒప్పుకోవు. కొత్త మాడ్యూల్‌ను మరో కంప్యూటర్‌లో పెట్టి చూడండి. కార్డు పెట్టాక 5 వోల్టులు బాగా పడిపోతున్నాయేమో మల్టీమీటర్‌తో కొలవండి. ఒకసారి ఒక్కటే మార్చండి, మార్చింది రాసుకోండి. వీటిలో దేనికీ పొగ రాదు.

ప్రశ్న: నాకు ఐదో నెల. మూడేళ్ల బాబు ఉన్నాడు. మా ఆయన రాత్రిళ్లు డైనింగ్ టేబుల్ మీదే పాత బోర్డులకు సోల్డరింగ్ చేస్తారు. పొద్దున అక్కడే టిఫిన్ తింటాం. పొగ నా మీద పడకుండా వేరే గదిలో పడుకుంటున్నాను. అది సరిపోతుందా? (కర్మన్‌ఘాట్)

జవాబు: అమ్మా, పొగకు దూరంగా ఉండటం మంచిదే, కానీ మీ ఇంట్లో అసలు దారి ఆ టేబుల్. సీసం ఒంట్లోకి చేరేది ఎక్కువగా చేతుల నుంచి, దుమ్ము నుంచి, తిండి నుంచి. యూరప్‌లో సోల్డర్‌లో సీసాన్ని పరిమితం చేసే నిబంధన అమల్లోకి వచ్చింది 2006లో. అంతకుముందు తయారైన బోర్డుల్లో సీసం ఉన్నట్టే అనుకోవాలి.

పెద్దవాళ్లు మింగిన సీసంలో కొంతే రక్తంలోకి పోతుంది. చిన్న పిల్లల ఒళ్లు దానికి నాలుగైదు రెట్లు ఎక్కువగా పీల్చుకుంటుంది. మీ బాబు వయసులో చేతికందిందల్లా నోట్లో పెట్టుకోవడం సహజం. కడుపులో బిడ్డకు మావి ద్వారా సీసం చేరుతుంది. ఒకప్పుడు ఎముకల్లో చేరి ఏళ్ల తరబడి దాగిన సీసం కూడా గర్భంతో ఉన్నప్పుడు కాల్షియంతో పాటు బయటికి వస్తుంది.

ఈ రోజే చేయాల్సినవి ఇవి. సోల్డరింగ్ తినే చోటు నుంచి, వంటగది నుంచి పూర్తిగా మారాలి. దానికి వేరే బల్ల, వేరే చొక్కా ఉండాలి. పని అయ్యాక ఆయన సబ్బుతో చేతులు కడుక్కున్నాకే బాబును ఎత్తుకోవాలి. శానిటైజర్ సీసాన్ని తీసేయదు. ఆ గదిని చీపురుతో ఊడవకండి, దుమ్ము లేస్తుంది. తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను విడిగా ఉతకండి. తుడిచే పని ఆయన చేయాలి, మీరు కాదు.

మీకూ బాబుకూ రక్తంలో సీసం పరీక్ష చేయించండి. ఇది సిరల నుంచి తీసిన రక్తంతో చేసే పరీక్ష. చిన్న ల్యాబులు నమూనాను బయటికి పంపించి చేయిస్తాయి. డెసిలీటరుకు 5 మైక్రోగ్రాములు, అంతకు మించి ఉంటే కారణం వెతికి తొలగించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది. అంతకన్నా తక్కువైతే హాయిగా ఉండవచ్చని కాదు, సీసానికి క్షేమమైన మోతాదంటూ లేదు. డాక్టర్ ఇచ్చిన ఐరన్, కాల్షియం మాత్రలు మానకండి. ఒంట్లో ఇనుము, కాల్షియం తక్కువగా ఉంటే సీసం ఎక్కువగా ఒంటబడుతుంది. రాగి జావ, పాలు, ఆకుకూరలు తీసుకోండి. ఒళ్లు శుభ్రం చేస్తామనే భస్మాలు, నాటుమందులు వద్దు. కొన్ని భస్మాల్లో సీసమే ఉంటుంది.

ప్రశ్న: నా వయసు 24. దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్లో ఉంటూ పాత 486 కంప్యూటర్లు బాగుచేస్తుంటాను. 30 పిన్నుల మెమరీ ముక్కలు నాలుగింటినీ ఒకే రకానివి పెడితేనే తీసుకుంటోంది. అవి తీసి పెట్టడంలో గంటలు పోతున్నాయి. కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు తిమ్మిరెక్కి రాత్రి మెలకువ వస్తోంది. కళ్లు మంట. ఇది సీసం విషమా?

జవాబు: సీసం బాగా ఎక్కువైనప్పుడు మణికట్టు వేలాడిపోతుంది, అంటే కండర బలం తగ్గుతుంది. ఒక చేతి మూడు వేళ్లలో తిమ్మిరి, రాత్రి మెలకువ అంటే మణికట్టులో మీడియన్ నరం నొక్కుకుపోవడం. కార్పల్ టన్నెల్ సమస్య ఇలాగే మొదలవుతుంది. రాత్రి మణికట్టును నిటారుగా ఉంచే పట్టీ కట్టుకోండి. చిన్న స్క్రూడ్రైవర్‌ను గట్టిగా పిసికి పట్టడం తగ్గించి, లావు పిడి ఉన్నది వాడండి. షుగర్, థైరాయిడ్ పరీక్షలు చేయించండి. మూడు నాలుగు వారాల్లో తగ్గకపోయినా, బొటనవేలి కింద కండ చిక్కినా, పట్టు తప్పి వస్తువులు జారిపోతున్నా నరాల డాక్టర్‌ని కలవండి.

కంటి మంటకు కారణం రెప్ప వేయకుండా అతి దగ్గర్నుంచి చూడటం. 20 నిమిషాలకోసారి 20 అడుగుల దూరంలోని వస్తువును 20 సెకన్లు చూడండి. భూతద్దం ఉన్న దీపం కింద పని చేయండి. బోర్డు మీదికి వంగకుండా, బోర్డునే ఎత్తుగా పెట్టుకోండి. మెడకూ అదే మేలు.

ప్రశ్న: మెమరీ సరిగ్గా పని చేయట్లేదని పవర్ సప్లై డబ్బా విప్పాను. ప్లగ్ పీకే ఉంది, అయినా షాక్ కొట్టింది. ఇప్పుడు బాగానే ఉన్నాను. ఈసీజీ తీయించాలా? (ఎల్‌బీ నగర్)

జవాబు: ప్లగ్ పీకినా ఆ డబ్బాలోని పెద్ద కెపాసిటర్లు 325 వోల్టుల దాకా పట్టుకుని ఉంటాయి. గోడ కరెంటు 230 వోల్టులని చెప్పుకునేది ఒక రకం సగటు (ఆర్‌ఎంఎస్) లెక్క, దాని శిఖరం అంత ఉంటుంది. షాక్ తగిలినప్పుడు స్పృహ తప్పినా, గుండె దడ, ఛాతీ నొప్పి ఉన్నా, కరెంటు ఒక చేతి నుంచి మరో చేతికి పాకినా, ఒళ్లు కాలినా, ముందే గుండె జబ్బు ఉన్నా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లి ఈసీజీ తీయించాలి. మీకు ఇవేవీ లేకుంటే భయపడకండి, కానీ కాలిన మచ్చ ఉందేమో చేతులు బాగా చూసుకోండి. ఎవరైనా పడిపోతే ముందు మెయిన్ ఆపాలి, ఆ తర్వాతే వాళ్లను ముట్టుకోవాలి, వెంటనే 108కి ఫోన్ చేయాలి.

మెమరీ లోపం కోసం ఆ డబ్బా విప్పనక్కరలేదు. బోర్డుకు వచ్చే తీగల దగ్గర బయటి నుంచే 5 వోల్టులు కొలవచ్చు. అది సరిగ్గా లేకుంటే డబ్బాను మార్చండి, లేదా అనుభవం ఉన్న మెకానిక్‌కి ఇవ్వండి. ఒక చిప్పు పాడైతే మరోటి దొరుకుతుంది. ఏ పరీక్షకైనా ముందు మీకు ప్రమాదం లేని దారి ఉందేమో వెతకండి.