సొంత గానుగ, పరాయి గని

ముడిపదార్థము మొదలు అమ్మకము వరకు గల దశలలో ఒకటికంటె ఎక్కువ దశలను ఒకే సంస్థ తన చేతిలోనికి తీసికొనుటను వాణిజ్యశాస్త్రమున 'నిలువు సంయోగము' అందురు. స్వయముగా చేసికొనుటయా, బయట కొనుటయా అను ప్రశ్న ప్రతి పరిశ్రమకును ఎదురగును. బయట కొనుటలోను ధర విచారించుట, బేరమాడుట, ఒప్పందము వ్రాసికొనుట వంటి ఖర్చులు కలవనియు, అవి సొంత నిర్వహణ వ్యయమును మించునంతవరకే సంస్థ విస్తరించుననియు 1937లో రోనాల్డ్ కోస్ అను ఆర్థికవేత్త వివరించెను. ఈ సూత్రమును మన అనకాపల్లి పరిసరములలోనే పరిశీలింతము.

మన బెల్లపు రైతును చూడుడు. చెరకు అతని పొలములోనిదే. గానుగ తనదో, ఇరుగుపొరుగువారిదో. రసము కాచుటకు కట్టెలు కొననక్కరలేదు. ఎండిన చెరకు పిప్పియే పొయ్యిలోనికి పోవును. మడ్డి తీయుటకు వాడు సున్నము వంటి కొలది వస్తువులు మాత్రమే బయటివి. సాగు, ఇంధనము, తయారీ మూడును ఒక్క కుటుంబము చేతిలోనివే. కాని దిమ్మ మార్కెట్ యార్డు చేరిన పిదప ధర అతని వశములో ఉండదు. అతని పరాధీనత చివరి మెట్టున కలదు.

చక్కెర మిల్లు తీరు వేరు. నరికిన చెరకు నిలువయుండిన కొలది అందలి చక్కెర పాలు తగ్గును. కావున మిల్లునకు రైతు, రైతునకు మిల్లు తప్పనిసరి. ఈ పరస్పరాధీనతకు పరిష్కారముగా రైతులే వాటాదారులుగా తుమ్మపాలలో సహకార చక్కెర మిల్లు వెలసినది. అది మూతపడిన పిదప గానుగ గలవారికి బెల్లము వండుకొను దారి మిగిలినది. మిల్లునే నమ్మినవారికి దూరపు మిల్లో, వేరు పైరో గతియైనది.

ఇక విశాఖ ఉక్కు కర్మాగారము. దానికి 1971లో శంకుస్థాపన జరిగెను. 1982లో రాష్ట్రీయ ఇస్పాత్ నిగమ్ ఏర్పడెను. జగ్గయ్యపేట సున్నపురాయి, మాధారము డోలమైటు, గర్భాము మాంగనీసు గనులు దానికి లభించినవి. అతి ముఖ్యమైన ఇనుప ఖనిజమునకు మాత్రము సొంత గని లేదు. బైలదిల్లా ఖనిజమును ఎన్.ఎం.డి.సి. వద్ద కొనవలెను. కోకింగు బొగ్గులో అధికభాగము విదేశములనుండి ఓడలలో వచ్చును. టాటా వారి జంషెడ్‌పూరు కర్మాగారమునకు నోవాముండి వంటి సొంత గనులు కలవు. ఖనిజము ధర పెరిగినపుడు ఆ భారము విశాఖపై నేరుగా పడును. 2021లో కేంద్రము ఈ సంస్థను అమ్మివేయ నిర్ణయించినపుడు కార్మికులు సొంత గనులను కోరుటకు కారణమిదే. 2025 జనవరిలో 11,440 కోట్ల రూపాయల సహాయము ప్రకటింపబడెను. ధనము అప్పుల బరువును తగ్గించును గాని, గని లేని లోటును పూడ్చదు.

అట్లని సమస్తమును సొంతము చేసికొనుటయు క్షేమము కాదు. టైర్ల రబ్బరు కొరకు హెన్రీ ఫోర్డు 1928లో బ్రెజిలు అడవులలో తోట వేయించెను. చెట్లకు తెగుళ్ళు సోకెను. 1945లో ఫోర్డు కంపెనీ దానిని గొప్ప నష్టముతో ఆ దేశ ప్రభుత్వమునకు అప్పగించెను.

కావున మనము గ్రహింపవలసిన దేమి? అమ్మువారు పలువురున్న వస్తువును కొనవచ్చును. సున్నము ఏ అంగడిలోనైనను దొరకును. అమ్మువాడు ఒక్కడై, ఆ సరకు ఆగినచో కొలిమి ఆరిపోవునట్లయిన, దానిని సొంతము చేసికొనవలెను. లేదా దీర్ఘకాలపు ఒప్పందముతో భద్రపరచుకొనవలెను. మన ఇండ్లలోని వృత్తులను, మన ఊరి పరిశ్రమలను ఈ దృష్టితో పరిశీలించి, ఏ మెట్టు మన చేతిలో కలదో, ఏది పరుల చేతిలో కలదో లెక్కించుట మనకు ఉపయుక్తమగు అభ్యాసము.