సముద్రముపై చిన్న పడవను రాడారు గుర్తించు విధము

రాత్రివేళ నడిసముద్రమున వల వేసికొనియున్న చిన్న పడవను పెద్ద ఓడ ఢీకొనుట కద్దు. ఓడలో రాడారు ఉండియు పడవ ఏల కానరాదు? తీరగ్రామముల పంచాయతీ సభ్యులు ఈ కారణమును తెలిసికొనుట అవసరము.

రాడారు రేడియో తరంగములను విడతలు విడతలుగా పంపును. అవి ఎదుటి వస్తువునకు తగిలి మరలివచ్చును. వీని వేగము సెకనుకు సుమారు 3 లక్షల కిలోమీటర్లు. సెకనులో పదివేలవ వంతు కాలమునకు తిరిగివచ్చినచో, రాకపోకలు కలిపి 30 కిలోమీటర్లు. అనగా వస్తువు 15 కిలోమీటర్ల దూరమున ఉన్నదన్నమాట.

ఇనుప ఓడ తరంగములను బలముగా త్రిప్పిపంపును. కొయ్యపడవ, ఫైబరు పడవ కొలదిగా మాత్రమే పంపును. అలలు కూడ తరంగములను త్రిప్పిపంపును గనుక, బియ్యములో తెల్లరాయివలె పడవ గుర్తు అలల గుర్తులలో కలిసిపోవును.

దీనిని వేరుచేయుటకు మూడు ఉపాయములు గలవు. మొదటిది ఓపిక. అల లేచి విరిగిపోవును. దాని గుర్తు క్షణక్షణము మారును. పడవ ఊగుచున్నను నిలిచియుండును. కావున అనేక పర్యాయములు వచ్చిన తరంగములను కూడి చూచినచో నిలుకడగల గుర్తు తేలును. రెండవది పోలిక. చుట్టుప్రక్కల అలల బలమును కొలిచి, అంతకు మించినదానినే రాడారు వస్తువుగా ఎంచును. ఈ హద్దు తగ్గించినచో అలలే పడవలుగా తోచును. పెంచినచో పడవయే మరుగగును. మూడవది వేగము. దగ్గరకు వచ్చు వస్తువునుండి మరలిన తరంగముల ఆవృత్తి పెరుగును, దూరమగుదానినుండి తగ్గును. కొన్ని రాడారులు ఈ భేదమును బట్టి అలల కదలికను, పడవ కదలికను విడదీయగలవు.

1993 నవంబరులో కెనడాలోని డార్ట్‌మత్ తీరమున, మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయమువారి ఐపిక్స్ రాడారుతో ఇట్టి పరిశీలన జరిగినది. తీగవల చుట్టిన 1 మీటరు వ్యాసముగల తేలిక బంతిని నీటిపై ఉంచి, మరలివచ్చిన తరంగములను నమోదు చేసిరి. అనేకులు తమ పద్ధతులను నేటికిని ఆ నమోదులపై పరీక్షించుచున్నారు.

యంత్రమెంత నేర్పుగలదైనను పడవ కూడ సహాయపడవలెను. మూడు లోహపు పలకలను ఒకదానికొకటి లంబముగా అమర్చిన ప్రతిఫలకము, తరంగమును వచ్చిన దిక్కునకే త్రిప్పిపంపును. దానిని కొయ్యపై ఎత్తుగా కట్టినచో పడవ గుర్తు బలపడును. అయినను దీపమును, కాపలాను మానరాదు. పంచాయతీ సభ్యులు మత్స్యకార సహకార సంఘములతో సమావేశమై ఈ విషయమును ప్రతి పడవవారికిని తెలియజేయుదురు గాక.