సూదియా, మాత్రయా? ప్రశ్నలు - జవాబులు

ఈ పర్యాయము వచ్చిన ఉత్తరములలో అధికభాగము తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతములవి. అవి యన్నియు ఏండ్ల తరబడి వదలని నొప్పులను గూర్చినవే. నడుము వంచి నాట్లు వేయువారును, మగ్గపు గుంటలో కాళ్ళు దించి దినమంతయు కూర్చుండువారును, వల లాగి భుజములు అరుగదీసికొన్నవారును నివసించు సీమ కనుక ఇందు వింత లేదు. నాలుగింటికి మాత్రము ఇచట సమాధానము వ్రాయుచున్నాను.

ప్రశ్న: అయ్యా, నాకు అరవై నాలుగేళ్ళు. బడిపంతులమ్మగా పనిచేసి విశ్రాంతి తీసుకున్నాను. ఆరేళ్ళుగా మోకాళ్ళ నొప్పులు. మందుల షాపులో ఇచ్చిన డైక్లోఫినాక్ మాత్ర పొద్దున ఒకటి, రాత్రి ఒకటి వేసుకుంటే గాని మెట్లు దిగలేను. బి.పి.కి టెల్మిసార్టాన్, హైడ్రోక్లోరోథయాజైడ్ కలిసిన మాత్ర కూడా వాడుతున్నాను. మా అబ్బాయి "ఆ మాత్రలు మానెయ్యమ్మా, విజయవాడ తీసుకెళ్ళి ఆక్యుపంక్చర్ చేయిస్తాను" అంటున్నాడు. ఏది మేలంటారు?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: అమ్మా, మీ ఉత్తరములో మోకాలికంటె ముందుగా నా కన్ను పడినది ఆ బి.పి. మాత్రమీద. మూత్రపిండములోనికి రక్తమును కొనివచ్చు సూక్ష్మనాళమును విప్పార్చి యుంచునవి ప్రోస్టాగ్లాండినులు అను పదార్థములు. డైక్లోఫినాక్ ఆ పదార్థముల ఉత్పత్తిని అరికట్టియే నొప్పిని తగ్గించును గనుక, నొప్పితోపాటు ఆ నాళమును కూడ కుంచింపజేయును. టెల్మిసార్టాన్ రక్తము వెలుపలికి పోవు నాళమును సడలించును; హైడ్రోక్లోరోథయాజైడ్ దేహములోని నీటినే తగ్గించును. విడివిడిగా వీనిలో ఏదియు అంత భయపడదగినది కాకపోయినను, మూడును ఒకచోట కూడి, వయస్సు అరువది దాటి, రోహిణి కార్తె ఎండలలో ఒకనాడు విరేచనములు కూడ పట్టుకొన్నచో మూత్రపిండములు ఉన్నట్టుండి పని మానివేయుట వైద్యులు తరచుగా చూచుచున్న విషయమే. కడుపులో పుండ్లు, గుండెపోటు అవకాశము హెచ్చుట, బి.పి. అదుపు తప్పుట దీనికి తోడు.

కావున ఈ వారములోనే సీరం క్రియాటినిన్, పొటాషియం పరీక్షలు చేయించుకొని, ఆ కాగితములతో మీ డాక్టరుగారిని చూచి డైక్లోఫినాక్ మాత్రను మాన్పించుకొనుడు. బి.పి. మాత్రను మాత్రము మీ యంతట మీరు ఆపరాదు. మలము తారువలె నల్లగా వచ్చినచో మరునాటి దాక ఆగక ఆసుపత్రికి పోవలెను. పశువులకు వాడిన డైక్లోఫినాక్ వలన, ఆ కళేబరములను తిన్న రాబందులు మూత్రపిండములు చెడి నశించుచున్నవని తేలిన పిమ్మట 2006లో పశువైద్యమునుండి దానిని తొలగించిన దేశము మనది. ఆ దేశములోనే డాక్టరు చీటీ లేనిదే అమ్మరాదని నియమమున్న ఆ మందును, షాపువాడు స్ట్రిప్పు కత్తిరించి మనుష్యుల చేతిలో పెట్టుచుండుటను గూర్చి ఏమి చెప్పవలెనో నాకు తోచదు.

ఇక మోకాలి మాట. అదే మందు జెల్ రూపమున మోకాటిపై రాచినచో రక్తములో కలియునది మిక్కిలి స్వల్పము; ఉపశమనము మాత్రము చెప్పుకోదగినంత యుండును. కుర్చీలో కూర్చుండి కాలిని నేలకు సమానముగా చాచి కొంతసేపు నిలుపుట, చేతుల ఊత లేకుండ కుర్చీనుండి లేచుట అను రెండు వ్యాయామములు తొడ కండరమునకు బలమిచ్చి, మోకాటిపై పడు భారమును తగ్గించును. మొదటి పక్షములో నొప్పి కొంచెము హెచ్చినట్లు తోచును, అంతమాత్రమున మానరాదు. బరువు తగ్గించుకొనుమని చెప్పుట వైద్యులకు సులభము, మీకు కష్టము. అయినను చెప్పక తప్పదు.

సూదులను గూర్చి మీ అబ్బాయి చెప్పినదానిలో సత్యము లేకపోలేదు. దీర్ఘకాలపు నొప్పులపై జరిగిన 39 పరీక్షలలోని 20,827 మంది వివరములను ఒకచోట చేర్చి 2018లో ప్రకటించిన విశ్లేషణ యొకటి కలదు. అందు తేలిన మేలు ఒక సంవత్సరము గడచినను చాలవరకు నిలిచియున్నది. ఆ మేలు ఏపాటిదో తెలిసికొనుటకు అదే పరిశోధకులు అంతకు ముందు 2012లో ఇచ్చిన ఉదాహరణము చక్కనిది: నూటికి 60 అంకెగల నొప్పితో మొదలైన రోగులలో సూదులు లేనివారి నొప్పి 43కు, నకిలీ సూదులు గుచ్చినవారిది 35కు, నిజమైన సూదులు గుచ్చినవారిది 30కి దిగునట. అనగా నొప్పి తగ్గునేగాని పోదు. అరిగిన కీలును సూది తిరిగి మొలిపింపదు. ఆ మాటకు వచ్చినచో మాత్రయు మొలిపింపదు. మోకాళ్ళ అరుగుదలకు సూదులు అక్కరలేదని బ్రిటనులో నైస్ అను ప్రభుత్వ సంస్థ 2022లో సలహా యిచ్చినది. జర్మనీలో మోకాలికిని నడుముకును 2007 నుండి ఆరోగ్య బీమా వారే సూదుల ఖర్చు భరించుచున్నారు. పండితులే ఏకాభిప్రాయమునకు రాలేదు. మూత్రపిండములకు హాని లేనిది గనుక, మీ పరిస్థితిలో ఒక ఎనిమిది పర్యాయములు చేయించి చూడుమనియే నా సలహా. మెట్లు దిగుట అప్పటికిని సులభము కాకున్నచో, మరి పది పర్యాయములు చేయించుకొండని వారు చెప్పినను వినకుడు.

ప్రశ్న: బాపట్ల వ్యవసాయ కళాశాలలో చదువుకుంటున్నాను. నాన్నగారికి పదేళ్ళుగా నడుము నొప్పి. సూదుల వైద్యానికి వెళ్తానంటున్నారు. ఒంట్లో శక్తి ప్రవహించే మార్గాలున్నాయంటారు, ఏ శవపరీక్షలోనూ కనపడవు. నకిలీ సూదులు గుచ్చినా దాదాపు అంతే ఫలితం వచ్చిందని చదివాను. ఇది మోసం కాదా?
– ఒక విద్యార్థి, బాపట్ల

జవాబు: నాయనా, మీ కళాశాలలో మడులను చీట్లు వేసి విభజించి, ఒక మడికి ఎరువు వేసి, ప్రక్కమడిని కంట్రోలుగా విడిచిపెట్టు విధానమును మీకు నేర్పియుందురు. ఆ విధానమునకు శాస్త్రరూపమిచ్చిన రోనాల్డ్ ఫిషర్ 1919లో ఇంగ్లండులోని రోథమ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన క్షేత్రమున చేరి, పొలములలోనే దానిని రూపొందించెను. మందులను పరీక్షించు పద్ధతి వైద్యులకు వ్యవసాయమునుండి దక్కినదే కనుక, ఈ ప్రశ్న వేయుటకు మీకంటె అర్హులు అరుదు.

మీరు చదివినది బహుశః జర్మనీలో 1,162 మంది నడుము నొప్పి రోగులపై జరిగి, 2007లో వెలువడిన పరీక్ష కావచ్చును. అందు ఒక వర్గమునకు చైనా గ్రంథములు చెప్పిన స్థానములలో సూదులు గుచ్చిరి. రెండవ వర్గమునకు ఆ స్థానములు కాని చోట్ల పైపైన గుచ్చిరి. మూడవ వర్గమునకు మందులు, ఫిజియోథెరపీ, వ్యాయామములతో కూడిన మామూలు చికిత్స చేసిరి. ఆరు నెలలకు గుణము కనిపించినవారు మొదటి వర్గమున నూటికి 47.6, రెండవ వర్గమున 44.2, మూడవ వర్గమున 27.4. మీ దృష్టి మొదటి రెండు అంకెల నడుమ నున్న సామీప్యముమీద నిలిచినది. అది న్యాయమే, శక్తిమార్గముల సిద్ధాంతమునకు అది పెద్ద దెబ్బయే. కాని మూడవ అంకెను చూడుడు. మాత్రలతో కూడిన శాస్త్రీయ చికిత్స, తప్పుచోట గుచ్చిన సూదికంటెను వెనుకబడినది! సూదిని అపహసించుటకు ఈ పట్టికను చూపువారు, అదే పట్టికలో మాత్రకు జరిగిన పరాభవమును గూర్చి మౌనము వహింతురు.

నకిలీ సూది కూడ సూదియే యని మరువరాదు. చర్మమున గ్రుచ్చిన దేదైనను నరములకు వార్త నందించును. వెన్నుపాములో నొప్పి వార్తను అడ్డగించు ద్వారమువంటి ఏర్పాటు కలదని మెల్జాక్, వాల్ అను ఇరువురు 1965లో ప్రతిపాదించిరి. దేహము తానే నల్లమందువంటి పదార్థములను తయారుచేసికొనునని 1975లో తేలినది. నల్లమందు ప్రభావమును అణచు నాలోక్సోన్ ఇచ్చినప్పుడు సూదుల వలన కలిగిన ఉపశమనము కూడ తగ్గుట కొన్ని ప్రయోగములలో కనిపించినది. 2010లో ఎలుకలపై చేసిన ప్రయోగమొకటి, మోకాటి క్రిందుగా గుచ్చి త్రిప్పిన సూది చుట్టును అడినోసిన్ అను నొప్పిని హరించు పదార్థము పోగుపడుట చూపినది. ఎలుకకు సూదిమీద నమ్మకము ఉండదు గదా! అయినను మిగిలిన మేలులో కొంత, ఒక మనుష్యుడు అరగంటసేపు ప్రక్కన కూర్చుండి, ఎచట నొప్పి, ఎప్పుడు హెచ్చునని ఓపికగా అడిగి, చేతితో తాకి చూచుటవలన కలుగునదియే. అది మోసమని నేననను. "శక్తి అడ్డుపడినది, నలుబది పర్యాయములలో విడిపించెదను" అని సొమ్ము గుంజుట మాత్రము నిస్సందేహముగా మోసమే.

ఈ విద్య మన దేశమునకు వచ్చిన విధము కూడ మీరు తెలిసికొనదగినది. జపాను దండెత్తిన కాలమున చైనా ప్రజలకు సాయపడుటకు 1938లో కాంగ్రెసు పంపిన అయిదుగురు వైద్యులలో షోలాపూరు వాడైన ద్వారకానాథ్ కోట్నిస్ 1942లో అచటనే మరణించెను. ఆయన కథను శాంతారాం 1946లో చలనచిత్రముగా తీసెను. ఆ అయిదుగురిలోని వాడే కలకత్తాకు చెందిన విజయకుమార్ బసు. ఆయన 1950ల చివర మరల చైనాకు పోయి ఈ విద్య నేర్చి, కలకత్తాలో దానికి పాదుకొల్పెను. సూది పట్టిన తొలి భారతీయులలో నొకడు ఆధునిక వైద్యమును క్షుణ్ణముగా చదివిన డాక్టరే కాని మంత్రగాడు కాడు.

మీ నాన్నగారి విషయమున ఒక్క జాగ్రత్త. కాళ్ళలో బలము సన్నగిల్లుట, మూత్రము తెలియకుండ పోవుట, జ్వరము, కారణములేక చిక్కిపోవుట, రాత్రివేళ నిద్ర చెడగొట్టు నొప్పి – వీనిలో ఏది యున్నను సూదుల మాట తలపెట్టక ముందు పరీక్షలు చేయింపవలెను. అవి లేనిచో పోనిండు. ఆయన నడక మానకున్న చాలును. నడుము నొప్పికి మంచమెక్కుటవంటి చెడ్డ వైద్యము మరియొకటి లేదు.

ప్రశ్న: మా అక్కకు ముప్పై ఎనిమిది. వేళ్ళ కణుపులు వాచి, పొద్దున లేవగానే గంటసేపు గుప్పిట ముడవలేదు. గుంటూరులో రుమటాయిడ్ ఆర్థ్రైటిస్ అని చెప్పి మెథోట్రెక్సేట్ వారానికొకసారి వాడమన్నారు. నాలుగు నెలల్లో చాలా తేలికపడింది. ఇప్పుడు బంధువులొకరు "అది కాన్సరు మందు, మానేసి సూదులు వేయించండి, మొదలంటా పోతుంది" అంటున్నారు.
– ఒక పాఠకుడు, రేపల్లె

జవాబు: మానరాదు. పై యిద్దరి నొప్పికిని మీ అక్కగారి నొప్పికిని పోలిక లేదు. ఇచట దేహమును రక్షింపవలసిన శక్తియే పొరబడి కీళ్ళ పొరలపై దాడి చేయుచున్నది. దానిని మందుతో అణపకున్నచో ఎముక కొరికివేయబడి, వేళ్ళు వంకరలు పోవును, పోయిన రూపు మరల రాదు. సూది ఆమెకు నొప్పిని కొంత మరపింపవచ్చును, ఎముకను కాపాడజాలదు. అందువలననే ఇది మరింత ప్రమాదము, నొప్పి తగ్గినదను తృప్తిలో కీలు లోలోపల నశించుచుండును.

కాన్సరునకు వాడు మోతాదులు చాల పెద్దవి. కీళ్ళకు వారమునకు ఒక్కనాడు ఇచ్చునది కొలది మిల్లీగ్రాములు మాత్రమే. ఆ "వారమునకు ఒక్కనాడు" అన్న మాటను గోడమీది కేలండరులో ఎర్రసిరాతో గుర్తుపెట్టుడు. పొరబాటున దినదినము మ్రింగి ప్రాణము మీదికి తెచ్చుకొన్నవారు లోకమున ఉన్నారు. ఫోలిక్ యాసిడ్ మాత్రను, రక్తపరీక్షలను విడువరాదు. బిడ్డను కనవలెనను తలంపు ఉన్నచో ముందుగానే డాక్టరుతో చెప్పవలెను, ఈ మందు వాడుచుండగా గర్భము ధరింపరాదు. పేరులేని పొట్లములలో వచ్చు కీళ్ళవాతపు పొడులను ఇంట అడుగు పెట్టనీయకుడు. రెండునాళ్ళలో అద్భుతమైన గుణము కనిపించినచో అందు స్టెరాయిడ్ కలిసినదని అనుమానింపవలసినదే.

ప్రశ్న: మా నాన్న పడవ మీద పనిచేసేవాడు. షుగరు, గుండెకు స్టెంటు. రక్తం పలుచన చేసే మందులు వాడతాడు. అరికాళ్ళు మంటలు. సూదులు వేయించవచ్చా? ఎవరిచేత?
– ఒక పాఠకురాలు, రేపల్లె

జవాబు: అమ్మాయీ, మంటలతోపాటు అరికాళ్ళకు స్పర్శ కూడ తగ్గినదేమో మొదట చూపింపుడు. తగ్గినచో ఆ పాదములలో ఎవరినీ సూది గుచ్చనీయరాదు. షుగరు రోగి పాదమున చిన్న గాయము పుండుగా మారుటకు ఎక్కువ కాలము పట్టదు. నరముల మంటకు మామూలు నొప్పి మాత్రలు పనిచేయవు. డ్యులోక్సెటిన్, ప్రీగాబలిన్, అమిట్రిప్టిలిన్ వంటివి కొందరికి పనిచేయును, అందరికి కాదు. గుండె జబ్బు ఉన్నవారికి అమిట్రిప్టిలిన్ తగదు గనుక స్టెంటు సంగతి తప్పక చెప్పవలెను. చెప్పులు లేకుండ ఇసుకలో నడుచుట మాన్పింపుడు.

నడుముకో భుజమునకో సూదులు వేయింపదలచినచో రక్తము పలుచనచేయు మందులు పెద్ద అడ్డంకి కావు, కాని చెప్పి తీరవలెను. వానిని ఒక్కపూట కూడ ఆపరాదు. కేంద్రప్రభుత్వము 2003లో ఆక్యుపంక్చరును చికిత్సావిధానముగా మాత్రమే అంగీకరించి, 2019లో స్వతంత్ర పద్ధతిగా గుర్తించినది. అయినను బోర్డు కట్టిన ప్రతివాడును నేర్చినవాడు కాడు. వైద్యమండలిలో నమోదైన డాక్టరై, ఈ విద్యను వేరుగా అభ్యసించినవారిని వెదకుడు. రొమ్మునను వీపు పైభాగమునను లోతుగా గుచ్చినచో ఊపిరితిత్తికి రంధ్రము పడుట అరుదైనను అసంభవము కాదు. సూదులు ఒక్కసారి వాడి పారవేయునవై యుండవలెను, మూసిన ప్యాకెట్టును మీ యెదుటనే చింపవలెను. రేపల్లెనుండి తెనాలి మీదుగా గుంటూరు పోయి వచ్చు రైలు ఛార్జీ, తోడు వచ్చినవారు పోగొట్టుకొను ఆనాటి కూలి, ఇవన్నియు చికిత్స ఖర్చులోనివే; లెక్కవేసికొని మరీ బయలుదేరుడు. సూదులకు కరెంటు కలుపు పద్ధతి యొకటి కలదు: నాన్నగారికి పేస్‌మేకర్ కూడ అమర్చియున్నచో దానికి ఒప్పుకొనకుడు.