కార్జపు జలగ - చెరువు నత్త

కోతలు ముగిసిన పిమ్మట ఎద్దు చిక్కిపోవుట, గేదె పాలు తగ్గుట, దవడ క్రింద మెత్తని నీటి వాపు దిగుట మన కాలువ గ్రామములలో అరుదు కాదు. మేత చాలలేదనియో, దిష్టి తగిలినదనియో కాలము గడపువారున్నారు. ఇట్టి పశువులలో అనేకములకు అసలు కారణము కార్జములో చేరిన జలగలే. ఇవి ఆకువలె చదునుగా, 3 నుండి 7 సెంటీమీటర్ల పొడవుండును.

ఈ జలగ ఒక పశువునుండి మరియొకదానికి నేరుగా అంటదు. పేడతో వెలువడిన గ్రుడ్డు నీటిలో పడినచో రెండు మూడు వారములలో పిల్ల పుట్టును. ఒక్క దినములో అది తగిన నత్తను చేరనిచో చచ్చును. నత్త దొరికెనా, దాని లోపల ఒకటి వందలై, సుమారు రెండు నెలలకు తోకపిల్లలుగా నీటిలోనికి వచ్చి, గడ్డికి, వరి మొదళ్ళకు అంటుకొని, తోక వదలి, గట్టి పొర కప్పుకొనును. ఆ మేత తిన్న పశువు ప్రేగును తొలుచుకొని, కార్జమును తినుచు తిరిగి, తుదకు పైత్యనాళములలో స్థిరపడును. మన జలగకు సోదరి వంటి చలిదేశపు జలగలో ఈ చరిత్రనంతను ఇంగ్లండులో థామస్, జర్మనీలో లూకార్ట్ వేరువేరుగా పరిశోధించి 1883 నాటికి వెల్లడించిరి.

గురక రోగమునకును నత్తయే మధ్యవర్తి. అయితే ఆ నత్త జాతి వేరు. గ్రుడ్లు ముక్కు చీమిడితో నీటిలో పడును. పిల్లలు మేతతో గాక చర్మమును తొలుచుకొని ప్రవేశించును. రెంటిని ఒకటిగా తలపరాదు.

గ్రుడ్డు నీటిని చేరకుండ చేయుట మన చేతిలోని పని. పేడను చెరువుగట్టున గాక గోతిలో వేసి కుళ్ళనిచ్చినచో ఆ వేడికి గ్రుడ్లు నశించును. పశువులను చెరువులోనికి దింపక తొట్టిలో బావినీరు పెట్టవలెను. పల్లపు మడులలోని తడిగడ్డిని వెంటనే వేయక, బాగుగ ఎండిన పిమ్మటనే వామి వేయవలెను. కోసిన చేలలో బాతులను మేపు అలవాటు మన డెల్టాలలో ఉన్నదే. అవి నత్తలను ఏరి తినును. మైలుతుత్తము నత్తలను చంపును గాని, చేపలను కూడ చంపును గనుక దానిని మేము ప్రోత్సహింపము.

మందు విషయమున పశువైద్యుని మాటయే ప్రమాణము. ఆక్సిక్లోజనైడు ఎదిగిన జలగలను మాత్రమే చంపును. ట్రైక్లాబెండజోలు పిల్లజలగలపైనను పనిచేయును. మందిచ్చిన పిదప ఎన్నిదినములు పాలు వాడరాదో అడిగి తెలిసికొనవలెను. జలగ ఎదిగి గ్రుడ్లు పెట్టుటకు సుమారు మూడు నెలలు పట్టును. అంతవరకు పేడ పరీక్షలో ఏమియు కనబడదు. కావున పరీక్షలో గ్రుడ్లు లేవన్నంత మాత్రమున చిక్కిన పశువును విడిచిపెట్టరాదు. ఒకే చెరువును ఆశ్రయించిన పశువులన్నిటికి ఒకేసారి మందు ఇప్పించుటకు గ్రామస్థులు ముందుగనే మాట్లాడుకొనవలెను. ఒక్క ఇంటివారు మానినను ఆ పశువుల పేడ తిరిగి అదే నీటిని చేరును.