క్యాజువాల్టీ డాక్టరుకూ కావాలి ఫోరెన్సిక్ నైపుణ్యం

2007 డిసెంబరులో విజయవాడ శివారు ఇబ్రహీంపట్నంలోని హాస్టల్లో ఒక బి.ఫార్మసీ విద్యార్థిని హత్యకు గురైంది. 2010లో విజయవాడ మహిళా కోర్టు దోషిగా తేల్చిన యువకుడిని 2017 మార్చిలో హైకోర్టు నిర్దోషిగా విడుదల చేసింది. 2019 డిసెంబరులో తెనాలిలో సమాధి తవ్వి, అవశేషాలను మళ్లీ పరీక్షించాల్సి వచ్చింది. లోపం వైద్యులదని ఇక్కడ అనడం లేదు. కానీ పన్నెండేళ్ల తర్వాత ఎముకలు చెప్పగలిగేది ఎంత? సాక్ష్యం చేజారితే అటు కన్నవాళ్లకు న్యాయం దక్కదు, ఇటు నేరం చేయనివాడు జైల్లో మగ్గుతాడు. అందుకే అత్యాచార, హింస బాధితులను శాస్త్రీయంగా పరీక్షించే విద్య నిపుణులకే పరిమితం కాకూడదు. కృష్ణా డెల్టాలో ఎంబీబీఎస్, నర్సింగ్ చదివే ప్రతి ఒక్కరికీ అది రావాలి.

చట్టం కూడా ఆ బరువును మామూలు డాక్టరు భుజం మీదే పెట్టింది. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (బీఎన్‌ఎస్‌ఎస్) 184వ సెక్షన్ ప్రకారం, సమాచారం అందిన 24 గంటల్లో బాధితురాలిని వైద్య పరీక్షకు పంపాలి. ప్రభుత్వ వైద్యుడు లేకపోతే రిజిస్టరైన ఏ వైద్యుడైనా ఆమె సమ్మతితో పరీక్షించవచ్చు. నివేదికను ఏడు రోజుల్లో దర్యాప్తు అధికారికి పంపాలి. అవనిగడ్డలోనో నందిగామలోనో రాత్రి డ్యూటీలో ఉన్న డాక్టరు ఈ పని నేర్చుకుని ఉండకపోతే, తర్వాత ఎంత పెద్ద నిపుణుడు వచ్చినా పోయిన ఆనవాళ్లను తిరిగి తేలేడు. కేంద్ర ఆరోగ్యశాఖ 2014 మార్గదర్శకాలు నమూనాల సేకరణకు 96 గంటల గడువు చెబుతున్నాయి. సమ్మతి తీసుకోవడం, ఆమె చెప్పింది ఆమె మాటల్లోనే రాయడం, గాయాలను బొమ్మ మీద గుర్తించడం, స్వాబ్‌లు ఆరబెట్టి సీలు వేయడం, ఎవరి చేతికి ఎప్పుడిచ్చారో నమోదు చేయడం సాధనతోనే వస్తాయి. గాయం లేనంత మాత్రాన దాడి జరగలేదని రాయకూడదు. రెండు వేళ్ల పరీక్ష బాధితురాలి గౌరవానికి భంగమని సుప్రీంకోర్టు 2013లో చెప్పింది. అది చేయడం దుష్ప్రవర్తనేనని 2022లో తేల్చింది.

వైద్యం చేయడం మా పని, సాక్ష్యం పోలీసుల పని కదా అని కొందరంటారు. ముందు వైద్యమే, సందేహం లేదు. హెచ్ఐవీ నివారణ మందులు 72 గంటల్లోపే మొదలుపెట్టాలి. అయితే చికిత్సకు గాయాన్ని చూసే చెయ్యే దాన్ని నమోదు చేయగలదు. బాధితురాలిని రెండోసారి పరీక్షకు గురిచేసే బాధా తప్పుతుంది. కోర్టు మెట్లెక్కాలన్న భయం మరో అభ్యంతరం. నిజానికి భయపడాల్సింది అరకొరగా రాసిన నివేదికకే. ప్రతి వాక్యానికీ ఆధారమున్న నివేదిక బోనులో డాక్టరుకే అండ.

ఫోరెన్సిక్ రంగంలో ఎదుగుదల ఉండదన్న మాటా నిలవదు. ఎంబీబీఎస్ తర్వాత నీట్ పీజీ ద్వారా మూడేళ్ల ఎండీ ఫోరెన్సిక్ మెడిసిన్ చేయవచ్చు. ప్రతి మెడికల్ కాలేజీలో ఈ విభాగం తప్పనిసరి. విజయవాడలో సిద్ధార్థ మెడికల్ కాలేజీ ఉండగా, 2023లో మచిలీపట్నంలోనూ ప్రభుత్వ కాలేజీ మొదలైంది. సవరించిన బి.ఎస్సీ నర్సింగ్ సిలబస్‌లో ఫోరెన్సిక్ నర్సింగ్ పరిచయం చేరింది. అమెరికాలో 1970ల నుంచే నర్సులు ఈ పరీక్షల్లో శిక్షణ పొందుతున్నారు. హౌస్ సర్జన్లు ఫోరెన్సిక్ పోస్టింగును సెలవులా గడపకుండా, సీనియర్ల పక్కన నిలబడి నివేదికలు రాయడం నేర్చుకోవాలి. పోక్సో చట్టం బాలికలను మహిళా వైద్యురాలే పరీక్షించాలంటోంది కనుక, ఈ రంగం అమ్మాయిల కోసం మరింతగా ఎదురుచూస్తోంది. ఏ పీజీ ఎంచుకున్నా సరే, ఆ రాత్రి తన ముందుకొచ్చిన మనిషికి చికిత్సతోపాటు న్యాయానికీ దారి తెరవగలిగితేనే డాక్టరు చదువు పూర్తయినట్టు.