పేపర్లో పడ్డ ఇల్లు

ఇది పాఠం కోసం రాసిన కథ. ఇందులో ఊరి పేరు లేదు. పిల్లల పేర్లు లేవు. ఎందుకు లేవో పాఠం చివరికి వచ్చేసరికి మీకే తెలుస్తుంది. కథలో చెప్పిన చట్టాలు మాత్రం నిజమైనవి.

అమ్మమ్మ ఇల్లు

పల్నాడు వైపు ఒక ఊరు. మిరప పండే ఊరు. ఆ ఊళ్ళో ఒక అమ్మమ్మ ఉంది. వయసు అరవై దాటింది. ఆమె దగ్గర కూతురి పిల్లలు ఇద్దరు పెరుగుతున్నారు. పెద్దది ఆడపిల్ల. ఆరో తరగతి. చిన్నవాడు రెండో తరగతి. తండ్రి ముందే పోయాడు. తల్లి జబ్బు చేసి పోయింది.

తల్లీ తండ్రీ పోతే పిల్లలు ఎక్కడికి పోతారు? మన ఊళ్ళలో అయితే అమ్మమ్మ దగ్గరకు పోతారు. లేకపోతే నాయనమ్మ, మేనమామ, మేనత్త, పెద్దమ్మ. ఎవరో ఒకరు చేరదీస్తారు. కాగితాలు ఎవరూ రాసుకోరు. "మా పిల్ల పిల్లలే కదా" అంటారు. ఉన్న గంజే పంచుకుంటారు.

ప్రేమకు లోటు లేదు. కానీ ప్రేమతో పలక రాదు, పుస్తకం రాదు, కాలికి చెప్పు రాదు.

అందుకే ఒక స్వచ్ఛంద సంస్థ ఆ మండలంలో పని మొదలుపెట్టింది. బంధువుల దగ్గర పెరిగే పిల్లలున్న ఇళ్ళు నలభై దాకా వెతికింది. ఒక్కొక్క ఇంటికి నెలకు వెయ్యి రూపాయలు బ్యాంకులో వేసేది. ఆ డబ్బు దాతలు ఇచ్చేది. సంస్థ కార్యకర్త నెలకోసారి ఇంటికి రావాలి. పిల్లలు బడికి పోతున్నారా, కడుపునిండా తింటున్నారా, ఎవరైనా కొడుతున్నారా అని చూడాలి. "పిల్లలను ఆశ్రమంలో పెట్టొద్దు. సొంత మనుషుల దగ్గరే పెరగనిద్దాం." ఇదీ ఆ సంస్థ మాట.

పేపర్లో వార్త

ఫిబ్రవరి నెల. మిరప కోతలు జోరుగా సాగుతున్నాయి. ఒకరోజు పొద్దున్నే టీ కొట్టు దగ్గర జనం మూగారు. పేపర్లో వార్త పడింది. పైన పెద్ద అక్షరాలు.

"బంధువుల ఇళ్ళలో బాల కూలీలు."

కింద ఫొటో. మిరప చేలో తట్ట పట్టుకుని అమ్మమ్మ మనుమరాలు! ఫొటో కింద పిల్ల పేరు, ఊరి పేరు, చదివే బడి పేరు. అన్నీ వేశారు.

వార్తలో ఇంకా ఇలా ఉంది. సంస్థ విరాళాలు వసూలు చేసి తినేసింది. పిల్లలను ముసలివాళ్ళ మీద పడేసి చేతులు దులుపుకుంది. వాళ్ళను పట్టించుకునే దిక్కు లేదు. ఇలాంటి పిల్లలను వెంటనే హాస్టల్లో చేర్చాలి.

ఆ రోజు పిల్ల బడికి పోలేదు. గోడకు ఆనుకుని కూర్చుంది. "అందరూ నన్ను కూలిపిల్ల అంటారు. నేను పోను" అంది.

చిన్నవాడు అమ్మమ్మ కొంగు పట్టుకున్నాడు. "మమ్మల్ని తీసుకుపోతారా? అక్కను ఒక చోట, నన్ను ఒక చోట పెడతారా?" అని అడిగాడు.

అమ్మమ్మ జవాబు చెప్పలేకపోయింది.

సంతకం

మూడో రోజు సంస్థ కార్యకర్త వచ్చింది. చేతిలో టైపు కొట్టిన కాగితం ఉంది.

"మామ్మా, పేపరు వాళ్ళకు జవాబు ఇస్తున్నాం. ఇక్కడ సంతకం పెట్టు."

రెండేళ్ళ కిందట అయితే అమ్మమ్మ బొటనవేలు చాపేది. ఇప్పుడు అలా కాదు. రాత్రి బడిలో చదువు నేర్చుకుంది.

"ఉండు తల్లీ, ముందు చదవనీ" అంది.

కళ్ళజోడు పెట్టుకుంది. ఒక్కొక్క మాట కూడబలుక్కుంటూ చదివింది. మూడో వరుస దగ్గర ఆగింది. అక్కడ ఇలా ఉంది. "నా మనుమరాలు ఏనాడూ పొలం పనికి పోలేదు."

"ఇది అబద్ధం" అంది అమ్మమ్మ. "తొమ్మిది రోజులు పోయింది. నేనే తీసుకుపోయాను."

"ఎందుకు మామ్మా?"

"మూడు నెలలుగా మీ వెయ్యి పడలేదు. ఇదిగో పాస్‌బుక్. మీరు కూడా ఇటు తొంగి చూడలేదు. చిన్నోడికి జ్వరం వచ్చింది. మందులకు అప్పు చేశాను. కోతకు ఎంతమంది పోతే అంత కూలి. పిల్లను బడి మానిపించటం నాది తప్పే. కానీ ఎవరిని అడగాలి నేను?"

కార్యకర్త తల దించుకుంది. "దాతల దగ్గర నుంచి డబ్బు రాలేదు మామ్మా. ఆ మాట చెప్పటానికి మొహం చెల్లలేదు. అందుకే రాలేదు" అంది. కొంచెం ఆగి మళ్ళీ అంది. "ఈ సంతకం లేకపోతే సంస్థ మూతపడుతుందేమో. నలభై ఇళ్ళ పిల్లల గతి ఏమిటి?"

అమ్మమ్మ చాలాసేపు మాట్లాడలేదు. నలభై ఇళ్ళు. వాటిలో తన ఇల్లూ ఉంది. చివరికి ఇలా అంది.

"రేపు ఆఫీసరు వస్తాడు. బడిలో హాజరు పట్టీ చూస్తాడు. తొమ్మిది రోజులు లేదని అందులో ఉంటుంది. అప్పుడు మనం చెప్పే నిజం కూడా ఎవరూ నమ్మరు. అబద్ధం తీసేయ్ తల్లీ. నిజం రాసుకురా. అప్పుడు సంతకం పెడతాను."

మూడు వరుసలు

ఆ రాత్రి మహిళా సంఘం కూర్చుంది. కార్యకర్త కూడా వచ్చింది.

"పేపరు ఆఫీసు మీదకు పోదాం పదండి" అంది ఒకామె.

"ఎందుకు వదినా? నాలుగు రోజులు ఊరుకుంటే అందరూ మరిచిపోతారు" అంది ఇంకొకామె.

సంఘం లెక్కలు రాసే అమ్మాయి నోటుబుక్కు తెరిచింది. "కోపం వద్దు పిన్నీ. ఊరుకోనూ వద్దు. ముందు వార్తను మూడు వరుసలుగా విడదీద్దాం" అంది. కాగితం మీద ఇలా రాసింది.

ఒకటి. నిజం.
పిల్ల తొమ్మిది రోజులు బడి మానింది. కూలికి పోయింది. సంస్థ మూడు నెలలు డబ్బు వేయలేదు. చూడటానికి రాలేదు. సంగతి చెప్పలేదు.

రెండు. తప్పు.
సంస్థ డబ్బు తినేసింది అన్నారు. పాస్‌బుక్‌లో పద్నాలుగు నెలల డబ్బు పడి ఉంది. 14,000 రూపాయలు. పిల్లలను పట్టించుకునే దిక్కు లేదన్నారు. ఆ తొమ్మిది రోజులు తప్ప పిల్ల రోజూ బడికి పోయింది. హాజరు పట్టీయే సాక్షి.

మూడు. రాయకూడనిది.
పిల్ల పేరు. ఫొటో. ఊరు. బడి.

"మూడోది ఎందుకు రాయకూడదు? అది నిజమే కదా" అంది ఒకామె.

నిజమే అయినా రాయకూడదు. బాల న్యాయ చట్టం 2015లో వచ్చింది. అందులో 74వ సెక్షన్ ఈ మాటే చెబుతుంది. రక్షణ అవసరమైన పిల్లల గుర్తు తెలిసేలా పేపర్లో గానీ టీవీలో గానీ వేయకూడదు. పేరు, చిరునామా, బడి, ఫొటో, ఏదీ వేయకూడదు. వేస్తే ఆరు నెలల దాకా జైలు గానీ, రెండు లక్షల రూపాయల దాకా జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు. పిల్లలు రేపు పెద్దవాళ్ళు అవుతారు. ఆ ఫొటో మాత్రం వాళ్ళ వెంటే వస్తుంది. అందుకే ఈ కట్టడి.

పిల్లలు ఎక్కడ ఉండాలి?

"హాస్టల్లో చేర్చాలి" అని పేపర్లో రాశారు. కానీ ఆ మాట తేల్చేది పేపరు కాదు. సంస్థ కూడా కాదు. రక్షణ అవసరమైన పిల్లల సంగతి తేల్చటానికి బాలల సంక్షేమ సమితి ఉంటుంది. అందులో ఒక అధ్యక్షులు, నలుగురు సభ్యులు ఉంటారు. వాళ్ళలో ఒక్కరైనా ఆడమనిషి ఉండాలి. పిల్లల మాట కూడా వాళ్ళు వినాలి.

పిల్లలను ఇంటి నుంచి వేరు చేసి ఆశ్రమంలో పెట్టటం ఆఖరి మార్గం. వేరే దారి లేనప్పుడే ఆ పని చేయాలి. ఇది కూడా ఆ చట్టంలోని సూత్రమే.

అలాగని బంధువుల ఇల్లు అన్నంత మాత్రాన అంతా మంచే జరుగుతుందని కాదు. కొన్ని ఇళ్ళలో తల్లి లేని పిల్ల చేత చాకిరీ చేయిస్తారు. బడి మానిపిస్తారు. చిన్నప్పుడే పెళ్ళి చేసి పంపేస్తారు. కొన్ని ఇళ్ళలో చెప్పుకోలేని బాధలు కూడా ఉంటాయి. అక్కడ బంధువు అయినా జవాబు చెప్పాలి. అలాంటిది మీ కంట పడితే 1098కి ఫోన్ చేయండి. డబ్బు ఖర్చు కాదు.

కూలి సంగతి కూడా గుర్తుంచుకోండి. 14 ఏళ్ళు నిండని పిల్లలను కూలికి పెట్టుకోవటం నేరం. అందుకే ఆ పిల్లను పనిలోకి దింపిన రైతుదీ తప్పే.

కాబట్టి పేపరు వాళ్ళు అడగటం తప్పు కాదు. అడగాలి. వాళ్ళు అడగబట్టే మూడు నెలల సంగతి బయటపడింది. అడిగే తీరులో తప్పు జరిగింది.

జవాబు

మర్నాడు కొత్త ఉత్తరం తయారైంది. అందులో ఇలా ఉంది.

"సంపాదకుల వారికి,

మా గురించి మీరు వేసిన వార్త చదివాం. అందులో నిజం ఉంది. పిల్ల తొమ్మిది రోజులు బడి మానింది. మూడు నెలలు మేము డబ్బు వేయలేదు. ఇంటికి పోలేదు. ఇది మా తప్పు. ఇకమీదట డబ్బు ఆలస్యమైతే ముందే చెబుతాం. నెలనెలా ఇంటికి పోతాం.

డబ్బు తినేశాం అన్నది నిజం కాదు. పాస్‌బుక్ నకలు జతపరిచాం. ఖాతా నంబరు, పేర్లు కొట్టేసి పంపుతున్నాం. మా లెక్కలు ఎవరైనా వచ్చి చూడవచ్చు.

పిల్ల పేరు, ఫొటో వేయటం చట్టానికి విరుద్ధం. ఇకమీదట వేయవద్దు. మా జవాబు కూడా మీ పేపర్లో వేయండి."

అమ్మమ్మ మొత్తం చదివింది. ఈసారి సంతకం పెట్టబోయింది. కానీ లెక్కలు రాసే అమ్మాయి ఆపింది. "నీ పేరు పేపర్లో పడితే పిల్ల ఎవరో మళ్ళీ తెలిసిపోతుంది మామ్మా. పైకి సంస్థ సంతకం చాలు. నీ సంతకం నకలు మీద పెట్టు. అది సంఘం బీరువాలో ఉంటుంది" అంది. అమ్మమ్మ నకలు మీద సంతకం పెట్టింది.

పేపరు వాళ్ళు జవాబు వేయకపోతే? అందుకు కూడా దారి ఉంది. ఢిల్లీలో భారత ప్రెస్ కౌన్సిల్ ఉంది. ముందు సంపాదకుడికి రాయాలి. న్యాయం జరగకపోతే కౌన్సిల్‌కు ఫిర్యాదు పంపాలి. దినపత్రిక అయితే వార్త పడిన రెండు నెలల లోపు పంపాలి. కౌన్సిల్ జరిమానా వేయలేదు. కానీ పత్రిక చేసింది తప్పని చెప్పి మందలించగలదు.

తరువాత

వారం తరువాత జవాబు పేపర్లో వచ్చింది. లోపలి పేజీలో, చిన్న అక్షరాలతో. వార్త పడినంత పెద్దగా జవాబు పడలేదు. అయినా పడింది. టీ కొట్టు దగ్గర అమ్మమ్మే పైకి చదివి వినిపించింది.

సంక్షేమ సమితి వాళ్ళు వచ్చారు. పిల్లను విడిగా కూర్చోబెట్టి అడిగారు. పిల్ల ఇలా చెప్పింది. "నాకు అమ్మమ్మ దగ్గరే బాగుంది. తమ్ముడు కూడా ఇక్కడే ఉండాలి. కోతకు మాత్రం పోను. బడికి పోతాను."

హాజరు పట్టీ చూశారు. అందులో ఉన్నదీ, అమ్మమ్మ చెప్పిందీ ఒక్కటే. పిల్లలు అమ్మమ్మ దగ్గరే ఉండవచ్చు అన్నారు. బడి మానకూడదు అన్నారు.

అప్పుడే ఇంకో సంగతి తెలిసింది. ఇలాంటి పిల్లలకు ప్రభుత్వ సాయం ఉంది. దాని పేరు మిషన్ వాత్సల్య. తల్లీ తండ్రీ లేక బంధువుల దగ్గర పెరిగే పిల్లలకు నెలకు 4,000 రూపాయలు ఇచ్చే ఏర్పాటు అందులో ఉంది. పల్లెల్లో ఏడాది ఆదాయం 72,000 రూపాయలు దాటకూడదు. జిల్లా బాలల పరిరక్షణ విభాగంలో దరఖాస్తు పెట్టాలి. అడిగిన అందరికీ వెంటనే రాదు. కాగితాలు చూసి నిర్ణయిస్తారు. కానీ అడగందే అసలు రాదు.

"ఇన్నాళ్ళూ ఈ దరఖాస్తు ఎందుకు పెట్టించలేదు?" అని అమ్మమ్మ కార్యకర్తను అడిగింది. ఆ అడగటం పేపరు వాళ్ళు అడిగినట్టే ఉంది. కార్యకర్త నొచ్చుకోలేదు. మర్నాడే నలభై ఇళ్ళ కాగితాలు పోగు చేయటం మొదలుపెట్టింది.

ఇప్పుడు అమ్మమ్మ ఇంట్లో మేకుకు ఒక నోటుబుక్కు వేలాడుతోంది. సంస్థ మనిషి వచ్చిన తేదీ అందులో రాయాలి. రాసేది సంస్థ మనిషి కాదు. అమ్మమ్మే.

మాట్లాడుకోండి

1. అమ్మమ్మ మొదటి కాగితం మీద ఎందుకు సంతకం పెట్టలేదు? మీరైతే ఏం చేసేవారు?
2. నిజమే అయినా పేపర్లో వేయకూడనివి ఏమిటి? ఎందుకు?
3. ఈ కథలో తప్పు ఎవరెవరిది? ఎవరు ఒప్పుకున్నారు? ఎవరు ఒప్పుకోలేదు?
4. ఈ పాఠంలో ఊరి పేరు, పిల్లల పేర్లు ఎందుకు లేవు?

రాయండి

మీ ఊళ్ళో బంధువుల దగ్గర పెరిగే పిల్లలు ఎంతమంది? వాళ్ళలో ఎంతమంది బడికి పోతున్నారు? పేర్లు రాయవద్దు. లెక్క మాత్రం రాయండి. వచ్చే సంఘం సమావేశంలో చదవండి.